వృద్ధాశ్రమంలో ఇద్దరికి దగ్గు, జ్వరం మొదలైతే ప్రభుత్వానికి చెప్పడం తప్పనిసరి చేయాలా?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

మా పెద్దమ్మ ఊరి బయట ఒక వృద్ధాశ్రమంలో ఉంటోంది. ఆశ్రమం పేరు వద్దు. సంక్రాంతి వెళ్లాక ఆమె గదిలో ఒకావిడకి దగ్గు పట్టుకుంది. తర్వాత పక్క మంచం ఆవిడకి, ఆ తర్వాత వంటమనిషికి. ఆశ్రమం వాళ్లు "సీజనల్ అండీ" అంటూ పారాసెటమాల్, దగ్గు సిరప్‌తో నెట్టుకొచ్చారు. పీహెచ్‌సీకి కబురు పెట్టలేదు, మాకూ చెప్పలేదు. ఒకావిడని 108లో తీసుకెళ్లాల్సి వచ్చాక గానీ సంగతి బయటికి పొక్కలేదు.

ఇంగ్లాండ్‌లో కేర్ హోముల్లో ఒకరి నుంచి ఒకరికి అంటినట్టు కనిపించే శ్వాసకోశ ఇన్ఫెక్షన్ కేసులు రెండు ఉంటే చాలు, దాన్ని అనుమానిత ఔట్‌బ్రేక్‌గా, అంటే జబ్బు పాకుతున్నట్టుగా లెక్కేస్తారు, అక్కడి ఆరోగ్య రక్షణ బృందంతో మాట్లాడతారు. అమెరికాలో జబ్బుల నియంత్రణ చూసే సంస్థ సీడీసీ అయితే 72 గంటల్లోపు ఇద్దరు జబ్బుపడితే ఫ్లూ పరీక్ష చేయించమంటుంది. మన దగ్గర అలాంటిది ఎందుకు ఉండకూడదు? ఇద్దరికి లక్షణాలు కనబడితే ఇరవై నాలుగు గంటల్లో జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌వో) ఆఫీసుకి తెలపాలి, లేకపోతే జరిమానా. ఇదీ నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

గంటస్తంభం (విజయనగరం)

నేను కాదంటాను. చిన్న ఆశ్రమం నడుపుతున్నవాణ్ణి, అందుకే చెబుతున్నాను.

చలికాలంలో మా దగ్గర దగ్గు లేని పూట లేదు. ఒకరికి ఆస్తమా, ఒకరు బీడీలు కాల్చి కాల్చి వచ్చినవారు, ఒకరికి పొయ్యి పొగతో దెబ్బతిన్న ఊపిరితిత్తులు. మీ లెక్క ప్రకారం నేను రోజూ ఫోను చేస్తూనే కూర్చోవాలి.

సరే, చేశాననుకోండి. ఏమవుతుంది? 2020 జూన్‌లో పలాసలో కరోనా అనుమానంతో ఒక పెద్దాయన శవాన్ని జేసీబీలో తరలించారు. అధికారుల్ని సస్పెండ్ చేశారు, అది నిజమే. కానీ ఆ వీడియో చూసిన ముసలివాళ్లు ఈరోజుకీ "నన్ను అలా పంపకు బాబూ" అంటారు. ఆశ్రమం ముందు ఆరోగ్యశాఖ జీపు ఆగిందంటే పాలవాడు గేటు దగ్గరే ప్యాకెట్లు విసిరేసి పోతాడు. పుట్టినరోజుకి అన్నదానం చేస్తామన్నవాళ్లు ఫోను ఎత్తరు. మా నెల గడిచేది ఆ అన్నదానాల మీదే. మీ జరిమానా కంటే నాకు ఆ భయం ఎక్కువ.

డల్లాస్_బొబ్బిలి

అంటే అన్నదానం ఆగిపోతుందని జబ్బు దాచిపెడతారన్నమాట. మా నాన్నగారూ ఒక ఆశ్రమంలోనే ఉన్నారు. నెలనెలా డబ్బులు పంపే కొడుకుగా అడుగుతున్నాను, ఆ మాత్రం తెలుసుకునే హక్కు నాకు లేదా?

గంటస్తంభం (విజయనగరం)

దాచిపెడతానని నేను అనలేదు. డాక్టరుకి చూపిస్తాను, మందులు వేయిస్తాను. ప్రభుత్వానికి రాసిచ్చే కాగితం గురించి మాట్లాడుతున్నాను. మీకు తెలుసుకునే హక్కుందా అంటే, ఉంది. కానీ అందరికీ ఒకేసారి మెసేజ్ పెట్టి చూడండి. కార్లు వేసుకొచ్చి సగం మందిని ఇళ్లకి తీసుకుపోతారు, అంటించుకున్నవాళ్లతో సహా. ఆ ఇంట్లో పసిపిల్లలుంటారు. ఎవరూ రానివాళ్లు మిగిలిపోయి, అందరూ వెళ్లిపోయారేంటి అని నన్ను అడుగుతారు.

ఏఎన్ఎమ్మమ్మ (శ్రీకాకుళం జిల్లా)

అందరూ డీఎంహెచ్‌వో, డీఎంహెచ్‌వో అంటున్నారు. ఆ ఆఫీసుకి వెళ్లే దారి ఊళ్లో తిరిగే మా ఏఎన్ఎంల దగ్గర మొదలవుతుంది, అది ముందు వినండి.

ఐడీఎస్‌పీ అని 2004 నుంచి జబ్బుల నిఘా కార్యక్రమం ఉంది. అందులో మూడు ఫారాలు. ఎస్ ఫారం మాది. లక్షణాలు చూసి రాసేది, పరీక్ష అక్కర్లేదు. పీ ఫారం డాక్టరుది, ఎల్ ఫారం ల్యాబుది. ఇప్పుడవన్నీ ఐహెచ్ఐపీ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్లో ఎక్కిస్తున్నాం. ఒకే చోట ఒకే రకం జ్వరం, దగ్గు ఎక్కువమందికి కనబడితే జిల్లా నిఘా విభాగం చూస్తుంది, అవసరమైతే బృందం వస్తుంది. అంటే ఏర్పాటు ఉంది, కొత్తగా కనిపెట్టేది ఏమీ లేదు.

చిక్కు ఎక్కడంటే, మేము తిరిగేది ఇళ్లు. ఆశ్రమం ఇల్లూ కాదు, ఆసుపత్రీ కాదు. నా పరిధిలో ఒకటుంది, గేటు దగ్గర పేరు చెప్పి లోపలికి వెళ్లాలి. వెళితే "అందరూ బావున్నారమ్మా" అంటారు. వాళ్లు నోరు విప్పకపోతే నేను ఎస్ ఫారంలో ఏటి రాస్తాను?

పైడితల్లి_సిరిమాను (విజయనగరం)

రిటైరైన గుమాస్తాని, చట్టాల పుస్తకాలు తిరగేసే అలవాటు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది కదా. అందులో 19వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం అవసరాన్ని బట్టి దశలవారీగా జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం పెట్టాలి, దిక్కులేని వృద్ధులు కనీసం 150 మంది పట్టేలా. ఆసుపత్రుల్లో వృద్ధులకి వేరే క్యూ, పడకలు అని 20వ సెక్షన్ చెబుతుంది. కానీ ప్రైవేటు ఆశ్రమాలు తప్పనిసరిగా నమోదు కావాలని ఆ చట్టంలో లేదు. 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లులో నమోదు మాట ఉంది. ఆ బిల్లు చట్టం కాలేదు. కొన్ని ఆశ్రమాలు సొసైటీగా రిజిస్టరవుతాయి, కొన్ని ట్రస్టుగా.

నాగావళి గారూ, జాబితాయే లేని చోట ఎవరికి జరిమానా వేస్తారు? పేరున్న ఆశ్రమాలు కడతాయి, రేకుల షెడ్డులో నడిచేవి ఇంకా లోపలికి ముడుచుకుంటాయి.

టీబీ సంగతి చూడండి. 2012లో ప్రైవేటు డాక్టర్లు కూడా టీబీ కేసుల్ని తెలపాలని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. 2018లో గెజిట్‌లో శిక్షల సెక్షన్లు కూడా చూపించారు. అయితే ఆ దశలోనే తెలిపిన డాక్టరుకి కేసుకి 500 రూపాయలు, రోగికి పోషణ కోసం నెలకి 500 ఇవ్వడమూ మొదలైంది. రోగికిచ్చేది 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. చెప్పినవాడికి చేతిలో ఏదో పడింది. మీ ప్రతిపాదనలో ఆశ్రమానికి ఏం పడుతుంది?

ఆమదాలవలస_స్టెత్

ఆశ్రమానికి ఏం పడుతుందో డాక్టరుగా నేను చెబుతాను.

ఫ్లూకి ఒసెల్టామివిర్ మందుంది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేస్తే బాగా పనిచేస్తుంది. కేంద్ర ఆరోగ్యశాఖ ఫ్లూ రోగుల్ని ఏ, బీ, సీ అని విడదీసింది. 65 దాటినవారికి ఫ్లూ లక్షణాలుంటే బీ కిందికొస్తారు, అంటే పరీక్ష ఫలితం కోసం ఎదురుచూడకుండా మందు మొదలుపెట్టొచ్చు. ఇద్దరు పడిపోగానే కబురొస్తే మిగిలినవాళ్లని కాపాడే వీలుంది. పదిమంది మంచాన పడ్డాక చెబితే మేం చేసేది రిఫర్ చేయడమే.

ఇంకోటి. పెద్దవాళ్లలో జ్వరం రాకపోవచ్చు. అన్నం మానేస్తారు, మగతగా ఉంటారు, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడతారు, బాత్రూముకి వెళుతూ పడిపోతారు. ఆయాలు దాన్ని "వయసు మీదపడింది" అనుకుంటారు. కాబట్టి "జ్వరం ఉంటేనే చెప్పాలి" అనే రూలు పెడితే సగం కేసులు జారిపోతాయి. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సిమీటరు ఒకటి కొనిపెట్టుకోండి. మామూలుగా బాగుండే మనిషికి 94 కంటే తగ్గితే ఇక ఆలోచించొద్దు, ఆసుపత్రికే.

గంటస్తంభం గారి ఆస్తమా అభ్యంతరం న్యాయమైనదే. పాత దగ్గు లెక్కలోకి రాదు. కొత్తగా మొదలైంది, లేదా పాతది ఉన్నట్టుండి ముదిరింది, అదీ ఒకే గదిలోనో ఒకే వరండాలోనో మూడు రోజుల్లో ఇద్దరికి. అప్పుడు ఫోను చేయాలి. రెండు వారాలు దాటిన దగ్గు వేరే కథ, టీబీ ఉందేమోనని దానికి గళ్ల పరీక్ష చేయించాలి.

ఉద్దానం_జీడి (కవిటి)

డాక్టరుగారూ, మా వైపు సంగతి కూడా కలపండి. మా దగ్గర వయసైనవాళ్లలో కిడ్నీ జబ్బు ఎంతుందో మీకు తెలుసు. చాలామంది పిల్లలు హైదరాబాదు, విశాఖ, ముంబై పోయారు, ముసలివాళ్లు వాళ్లలో వాళ్లే చూసుకుంటున్నారు. డయాలసిస్‌కి వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లొచ్చేవాళ్లు ఆశ్రమంలో ఉంటే, ఆ దగ్గు అక్కడికీ వెళుతుంది, అక్కడ్నుంచి ఇక్కడికీ వస్తుంది. అది ఆశ్రమం గోడల లోపలి విషయం ఎలా అవుతుంది?

ఆమదాలవలస_స్టెత్

సరిగ్గా పట్టుకున్నారు. ఒసెల్టామివిర్ డోసు కూడా కిడ్నీ పనితీరుని బట్టి తగ్గించాలి. ఒళ్లునొప్పులకని మెడికల్ షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీ రోగులకి చేటు. "మేమే మందులు వేయించాం" అనే మాట వింటే నాకు టెన్షన్ పుట్టేది అందుకే. ఎవరు వేశారు, ఏది వేశారు?

తోటపాలెం_కాఫీ

ముందు కిటికీలు తెరవండి బాబూ. మూసుకున్న గదిలో దోమల కాయిల్, కుంపటి, ఎనిమిది మంచాలు. ఏ వైరస్ అక్కర్లేదు.

మోడరేటర్

కిటికీలకి వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి. హెచ్ఎంపీవీ అనే శ్వాసకోశ వైరస్ మీద 2025 జనవరి నాటి వాట్సాప్ ఫార్వర్డులు ఇక్కడ పెట్టినవి రెండు తీసేశాను. అది కొత్త వైరస్ కాదు, 2001లోనే గుర్తించింది.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

జరిమానా మాట వెనక్కి తీసుకోమంటే ఆలోచిస్తాను గానీ, తప్పనిసరి అన్న మాట తీసుకోను. స్వచ్ఛందం అంటే ఏమవుతుందో మా పెద్దమ్మ గదిలో చూశాను. సిరిమాను గారు టీబీ ఉదాహరణ తెచ్చారు. అక్కడ డబ్బులిచ్చినా ఉత్తర్వు మాత్రం తీసేయలేదు కదా. రెండూ ఉన్నాయి.

డల్లాస్ గారూ, మీతో ఒక్క చోట తేడా. అందరు కుటుంబాలకీ అదే గంటలో మెసేజ్ అంటే గంటస్తంభం గారి భయం నిజమవుతుంది. జబ్బుపడినవారి ఇంటివాళ్లకి వెంటనే చెప్పాలి. మిగతావారికి ఏఎన్ఎం వచ్చి చూసి వెళ్లాక, "ఫలానా జరిగింది, ఫలానా చేశాం, నాలుగు రోజులు ఎవరూ రావద్దు, ఎవర్నీ తీసుకెళ్లొద్దు" అని ఒకే మాటగా చెప్పాలి.

డల్లాస్_బొబ్బిలి

నేను ఒప్పుకోను. మా నాన్న పక్క మంచంలో జబ్బుంటే నాకు ఏఎన్ఎం వచ్చాక తెలియాలా? ఆమె రెండు రోజులకి వస్తే? తీసుకెళ్లాలా వద్దా అనేది నేను నిర్ణయించుకునేది, ఆశ్రమం కాదు.

పైడితల్లి_సిరిమాను (విజయనగరం)

మీరు తీసుకెళ్లేదెక్కడికి బాబూ, డల్లాస్‌కా? బొబ్బిలిలో మీ చెల్లెలింటికి. ఆవిడనొకసారి అడిగారా?

గంటస్తంభం (విజయనగరం)

సిరిమాను గారూ, పోనివ్వండి. కొడుకు బాధ కొడుకుది.

నేను ఎక్కడ మెత్తబడ్డానో చెబుతాను. డాక్టరుగారు చెప్పిన ఆ మూడు రోజులు, ఇద్దరు, కొత్త దగ్గు, అదే వరండా అనే గీత నాకు అర్థమైంది. గోడ మీద రాసి ఆయాలకి చెప్పగలను. కానీ ఫోను చేశాక నాకు కావాల్సినవి మూడు. ఒకటి, వచ్చేవాళ్లు జీపులో మైకు పెట్టుకుని రాకూడదు. రెండు, మందు, మాస్కులు వాళ్లతోనే రావాలి, చీటీ రాసిచ్చి విశాఖ వెళ్లమనకూడదు. మూడు, దగ్గున్న ఆయాని పనికి రావద్దంటే ఆ రోజు కూలి ఎవరిస్తారు? నాకున్నది ఇద్దరు. ఒకావిడ మానేస్తే డైపర్లు మార్చేది నేనూ, నా భార్యా. కూలి పోతుందని ఆ ఆయా దగ్గు దాచుకుని వస్తుంది. ఈ ఇన్ఫెక్షన్ లోపలికి వచ్చే దారి ఎక్కువగా అదే. బయటి నుంచి రోజూ వచ్చిపోయేది వాళ్లే. దాని గురించి ఇంతమందిలో ఒక్కరూ మాట్లాడలేదు.

ఆమదాలవలస_స్టెత్

మూడోదానికి నా దగ్గర జవాబు లేదు. అది నిజంగానే అందరికంటే పెద్ద ప్రశ్న. సెలవుకి కూలి లేకపోతే ఏ రిపోర్టింగూ పనిచేయదు.

ఉద్దానం_జీడి (కవిటి)

ఏడాదికి ఒక అన్నదానం డబ్బులు ఆయాల సెలవు కోసం పక్కన పెట్టమని దాతల్ని అడగొచ్చు కదా. పుట్టినరోజుకి లడ్డూలు తగ్గితే ఎవరూ అలగరు.

గంటస్తంభం (విజయనగరం)

దాతకి ఫోటో కావాలండీ. ఇంట్లో పడుకున్న ఆయాతో ఫోటో ఎలా దిగుతారు?

ఏఎన్ఎమ్మమ్మ (శ్రీకాకుళం జిల్లా)

మైకు మేం పెట్టం. మాస్కులు, పారాసెటమాల్ నా దగ్గరుంటాయి. ఫ్లూ మందుకి పీహెచ్‌సీ డాక్టరు రాయాలి, అది నేను అడిగి తెప్పిస్తాను. ఆయా కూలి నా చేతిలో లేదు.

గంటస్తంభం గారూ, మీ ఆశ్రమం ఏ సచివాలయం పరిధిలోకి వస్తుందో చెప్పండి. జిల్లా వేరైనా అక్కడి ఏఎన్ఎం నంబరు కనుక్కుని ఇస్తాను. జబ్బు రాకముందే ఒకసారి వచ్చి చూసి వెళ్లమంటాను.

గంటస్తంభం (విజయనగరం)

ఇక్కడ ఊరు పేరు పెట్టనమ్మా. మెసేజ్ చేస్తాను.

డల్లాస్_బొబ్బిలి

చూశారా.

ఏఎన్ఎమ్మమ్మ (శ్రీకాకుళం జిల్లా)

చూసేదేముంది బాబూ, మెసేజ్ వచ్చింది. మీ నాన్నగారి ఆశ్రమం ఎక్కడో మీరూ పెట్టండి.