పీబీసీవీ-1 యూవీ ప్రయోగం: ప్లేట్లను చీకట్లో ఎన్ని గంటలు ఉంచాలి?

క్లోరెల్లా అనే ఆకుపచ్చ శైవలానికి సోకే వైరస్ పీబీసీవీ-1కి యూవీ (అతినీలలోహిత కాంతి) దెబ్బ తగిలాక రెండు దారుల్లో మరమ్మతు జరుగుతుంది. ఒకటి వైరస్ సొంత ఏ50ఎల్ జన్యువు నుంచి వచ్చే గ్లైకోసిలేజ్ అనే ఎంజైము. టీ4 ఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్) ఎంజైముకు దగ్గరి బంధువైన ఇది, యూవీ వల్ల అతుక్కుపోయిన పిరిమిడిన్ (డీఎన్ఏ అక్షరాల్లో ఒక రకం) జంట దగ్గర డీఎన్ఏ పోగును తెంపుతుంది. వెలుతురు అక్కర్లేదు. రెండోది ఆతిథ్య శైవలం ఎన్‌సీ64ఏలోని ఫోటోలయేజ్, ఆ జంటను విడదీసే ఎంజైము; నీలి కాంతి ఉంటేనే పనిచేస్తుంది. ఈ రెండింటి వాటా విడిగా కొలవాలి.

శుద్ధి చేసిన వైరస్‌ను ట్రిస్ బఫర్‌లో పలచన చేసి, పెట్రీ గిన్నెలో 2 మి.మీ. లోతున కలుపుతూ 254 నానోమీటర్ల దీపం కింద పెడుతున్నాం. లైసేట్‌ను (కణాలు పగిలాక మిగిలే ద్రవాన్ని) నేరుగా పెట్టకూడదు, అందులోని పోషకం పెప్టోన్ యూవీని మింగేసి డోసు తప్పుతుంది. తర్వాత పనంతా, ఫోటోలయేజ్ పనిచేయకుండా, పసుపు లైటులోనే. కణానికి 0.01 వైరస్ మించదు. ఎక్కువైతే దెబ్బతిన్న జన్యువులు ఒకే కణంలో ఒకదాన్నొకటి ఆదుకుంటాయి.

చిక్కంతా శైవలం పొర మీద వైరస్‌లను లెక్కించే ప్లేట్ల దగ్గరే. శైవలం పొర బాగా ఎదగాలంటే వెలుతురు కావాలి. తొందరగా ఇస్తే ఫోటోలయేజ్ మిగిలిన వైరస్‌లను కాపాడేస్తుంది, ఆలస్యమైతే పొర పలచబడి ప్లాక్‌లు (వైరస్ కణాలను చంపిన చోట కనిపించే ఖాళీ మచ్చలు) లెక్కకు అందవు. వైరస్ సోకాక డీఎన్ఏ ప్రతికృతి 60-90 నిమిషాలకు మొదలై, కణం 6-8 గంటలకు పగులుతుంది. 25 డిగ్రీల వద్ద మొదటి విడత పగిలేదాకా చీకటి సరిపోతుందా? లేక ద్రవంలో చీకట్లో సంక్రమింపజేసి, పగలకముందే ప్లేట్ చేయడం మేలా?

ఇంకొకటి: ఎక్కువ డోసులో ఏ50ఎల్ జన్యువే దెబ్బతిని ఎంజైము తయారుకాకపోవచ్చు. దాన్ని పసిగట్టే కంట్రోల్ ఏది? చేసినవాళ్లు చీకటి గంటలు, కాంతి తీవ్రత అంకెలతో చెప్పగలరా?