6.5 లక్షల్లో మొదటి కారు: చిన్న కార్ల పని నిజంగా అయిపోయిందా?

ప్రశ్న (నల్లకుంట, హైదరాబాద్)

అందరికీ నమస్తే. మా ఇంట్లో ఇదే మొదటి కారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. ఇంట్లో నేను, మా ఆవిడ, ఐదేళ్ల బాబు, అమ్మ. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆటో ఎక్కాలన్నా దిగాలన్నా ఇబ్బందే. నా ఆఫీసు బేగంపేటలో, రానూపోనూ 20 కిలోమీటర్లు. ఏడాదికి రెండు మూడుసార్లు ఖమ్మం వెళ్తాం. మొన్న వానల్లో బాబుని స్కూలు నుంచి బండి మీద తెస్తుంటే ఇద్దరం నిలువునా తడిసిపోయాం, వాడికి వారం రోజులు జ్వరం, ఇక కారు కొనాల్సిందే అని అప్పుడే అనుకున్నాం.

బడ్జెట్ ఆన్‌రోడ్ (ట్యాక్స్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి) 6.5 లక్షలు. 2.5 లక్షలు చేతిలో ఉన్నాయి, మిగతాది లోన్. మా సందు 8 అడుగులు, ఒక పక్క ఎప్పుడూ బైకులు పెట్టి ఉంటాయి, చివర్లో కరెంటు స్తంభం దగ్గర తిప్పుకుని లోపలికి రావాలి. ఆల్టో, వ్యాగన్ ఆర్, టియాగో చూస్తున్నాను. మా బావగారేమో "చిన్న కార్ల పని అయిపోయింది, రేపు కంపెనీలే ఆపేస్తే స్పేర్లు దొరకవు, అమ్ముదామన్నా కొనేవాడుండడు, అదే డబ్బుకి 2018 డీజిల్ ఎస్‌యూవీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకో" అంటున్నారు. ఆయన మాట కొట్టిపారేయలేను, అలాగని మనసూ ఒప్పట్లేదు. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (గుంటూరు)

తమ్ముడూ, సందు సంగతి తర్వాత, ముందు క్రాష్ టెస్ట్ స్టార్లు చూడు. కార్లని ఢీకొట్టించి చూసి అయిదుకి ఇన్ని అని స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2023లో పరీక్షిస్తే, పెద్దల భద్రతకి వ్యాగన్ ఆర్‌కి 1 స్టార్, ఆల్టో కె10కి 2 స్టార్లు వచ్చాయి. టియాగోకి 2020లోనే 4 స్టార్లు, టాటా పంచ్‌కి 2021లో 5 స్టార్లు. ఖమ్మం వెళ్లేటప్పుడు సూర్యాపేట దాకా 65వ నంబరు హైవే మీద లారీల మధ్యే కదా వెళ్లాలి. పసివాడు ఉన్న ఇల్లు, ఇంకో అరలక్ష అప్పు చేసినా సరే పంచ్ వైపు చూడు.

జవాబు (మల్కాజిగిరి, హైదరాబాద్)

తమ్ముడూ, నేను పద్నాలుగేళ్లుగా చిన్న కార్లే నడుపుతున్నాను, మా చుట్టాల్లో, స్నేహితుల్లో ఓ పది మందికి దగ్గరుండి కొనిపెట్టాను. మీ బావగారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది కాబట్టి ముందు అది చెప్తాను.

5 లక్షల లోపు కార్లు 2015-16లో మన దేశంలో 9 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. 2024-25కి వచ్చేసరికి అవి పాతిక వేల చిల్లరకి పడిపోయాయి. అదే ఏడాది అమ్ముడైన ప్యాసింజర్ బండ్లలో 65 శాతం ఎస్‌యూవీల్లాంటివే. ఈ అంకెలు చూస్తే ఎవరికైనా చిన్న కారు చచ్చిపోయిందనే అనిపిస్తుంది. కానీ జనానికి చిన్న కారు అవసరం తీరిపోయి ఇలా కాలేదు, చిన్న కారు వాళ్లకి అందకుండా పోయింది. 2018లో కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టాలన్నారు, 2019లో ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది), 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు, ఆ తర్వాత రెండు ఎయిర్‌బ్యాగులు. ఇవన్నీ రావాల్సినవే, నేను కాదనను. కానీ పదిహేను లక్షల కారు మీద అరవై వేలు పెరిగితే కొనేవాడు సర్దుకుంటాడు, మూడు లక్షల కారు మీద అంతే పెరిగితే స్కూటర్ దిగి కారెక్కుదామనుకున్నవాడు మళ్లీ స్కూటరే ఎక్కుతాడు. మారుతి చైర్మన్ ఆర్.సి. భార్గవ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది ఇదే. ఆల్టో 800 లాంటి బండి 2023లో ఆగిపోయింది కూడా ఇలాంటి కొత్త కాలుష్య నిబంధనల దగ్గరే.

ఇప్పుడు రెండో సగం. 2024లో దేశంలో అన్నింటికంటే ఎక్కువ అమ్ముడైన కారు టాటా పంచ్. దాన్ని అందరూ ఎస్‌యూవీ అంటారు. అప్పటి పంచ్ పొడవు చూడండి, 3,827 మిల్లీమీటర్లు. కొత్త స్విఫ్ట్ 3,860. అంటే ఎస్‌యూవీ అని పిలిచిన ఆ బండి స్విఫ్ట్ లాంటి హ్యాచ్‌బ్యాక్ (డిక్కీ విడిగా బయటికి లేని చిన్న కారు) కంటే పొట్టిది! ఇంజిన్ కూడా 1,200 సీసీ లోపే. 4 మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉంటే పన్ను లెక్కలో అది చిన్న కారే. మన జనం చిన్న కారుని వదల్లేదు తమ్ముడూ, కాస్త ఎత్తు పెంచి, సీటు పైకి లేపి, చక్రాల చుట్టూ నల్ల ప్లాస్టిక్ తొడిగి అదే చిన్న కారుని కొంటున్నారు. ఎందుకో మీ అమ్మగారి మోకాళ్లని అడిగితే తెలుస్తుంది. గుంటల రోడ్లు, వరద నీళ్లు, ఇంట్లో పెద్దవాళ్లు, ఇవి మూడూ ఉన్న ఊళ్లో ఎత్తుగా ఉన్న చిన్న బండే కావాలి. వ్యాగన్ ఆర్ 1999 నుంచి నిలబడిందంటే, 2024-25లో మళ్లీ అమ్మకాల్లో మొదటి స్థానానికి వచ్చిందంటే కారణం ఇదే అని నేను గట్టిగా నమ్ముతాను.

పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, దాని మీద వేసే అదనపు పన్ను, సెస్సు కూడా పోయింది. ఆ తగ్గింపులో మారుతి ఎస్‌ప్రెసో 3.50 లక్షలు, ఆల్టో కె10 3.70, టియాగో 4.57, వ్యాగన్ ఆర్ 4.99 దగ్గర మొదలయ్యాయి, ఇవి షోరూం ధరలు. ఇంత తగ్గాక కంపెనీలు ఇప్పటికిప్పుడు వీటిని వదిలేయవు.

స్పేర్ల భయం అస్సలు పెట్టుకోకండి. మారుతి 800 ఉత్పత్తి 2014లో ఆగింది, దానికి ఈరోజుకీ సామాన్లు దొరుకుతున్నాయి. లక్షల్లో రోడ్డు మీదున్న బండికి స్పేర్లు ఎక్కడికీ పోవు. ఇబ్బంది తక్కువ అమ్ముడైన మోడల్‌కే.

ఇక ఆ 2018 డీజిల్. రోజుకి 20 కిలోమీటర్లంటే నెలకి 500, ఖమ్మం కలిపినా ఏడాదికి ఏడెనిమిది వేలు దాటవు. అంత తక్కువ తిరిగే ఇంటికి డీజిల్ ఎందుకు? ట్రాఫిక్‌లో లీటరుకి 16 వచ్చే పెట్రోల్ బండైనా నెలకి ముప్పై రెండు లీటర్లు చాలు. పాత డీజిల్‌లో ఒక్క ఇంజెక్టర్ల పనో టర్బో పనో తగిలిందంటే రెండు మూడేళ్లు పొదుపు చేసింది ఒక్క బిల్లుకే పోతుంది.

అన్నింటికంటే ముందు ఒక పని చేయండి. రేపు పొద్దున టేపు తీసుకుని సందులోకి దిగండి. గోడ నుంచి గోడకి కాదు, గోడ నుంచి బైకు హ్యాండిల్ చివరికి కొలవండి. పక్క అద్దాలు కలపకుండా ఆల్టో వెడల్పు 1,490 మిల్లీమీటర్లు, అంటే 5 అడుగులకి అంగుళం తక్కువ. వ్యాగన్ ఆర్ 1,620, అంటే దాదాపు 5 అడుగుల 4 అంగుళాలు. టియాగో 1,677. పంచ్ 1,742. కొలిచాక ఇక్కడ రాయండి, అప్పుడు మాట్లాడదాం.

ప్రశ్న అడిగినవారు

అన్నా, చాలా థ్యాంక్స్, బావగారికి కూడా చదివి వినిపించాను. పొద్దున్నే కొలిచాను. బైకు హ్యాండిల్ నుంచి గోడకి 66 అంగుళాలు వచ్చింది. అంటే ఆల్టో పడుతుంది, వ్యాగన్ ఆర్ అయితే రెండంగుళాల తేడానే, మిగతావి పట్టవు. ఆల్టోలో అమ్మ ఎక్కగలదా అని అనుమానం. ఇంకో మాట, ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారుగా, గుంటూరు అన్న చెప్పిన స్టార్లు ఇంకా లెక్కలోకి వస్తాయా? మా ఆవిడ కూడా నడపాలి, ఆటోమేటిక్ అయితే మేలంటోంది.

జవాబు (హనుమకొండ)

చెల్లి నడుపుతుందంటే, చిన్న కార్లలో ఆటోమేటిక్ అని ఇచ్చే ఏఎంటీ గురించి నేను చెప్తాను, నాలుగేళ్లుగా నడుపుతున్నాను. ఇది పూర్తి ఆటోమేటిక్ కాదు, లోపల మామూలు గేర్‌బాక్సే, క్లచ్ నొక్కడం గేరు మార్చడం మాత్రం మన బదులు మోటార్ చేస్తుంది. గేరు మారేటప్పుడు బండి ఒక్క క్షణం వెనక్కి లాగినట్టు ఉంటుంది, యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిక చేస్తే అది కూడా తెలియదు. నాకు మొదట్లో ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీద ముందు బండి ఆగితే నేను బ్రేక్ వదిలి యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టేదాన్ని. కొన్నాళ్లకి కాలిన వాసన వచ్చింది, క్లచ్ ప్లేట్ మార్చాల్సి వచ్చింది. ఎత్తు మీద ఆగితే బ్రేక్ మీదే కాలు ఉంచాలి, ఎక్కువసేపైతే హ్యాండ్‌బ్రేక్ వేసేయాలి. ఈ ఒక్కటి పాటిస్తే ట్రాఫిక్‌లో ఎడమ కాలికి ఎంత విశ్రాంతో మాటల్లో చెప్పలేను.

అత్తగారి గురించి కూడా ఒకటి. షోరూంలో ఒక్కసారి కూర్చోబెట్టి బాగుంది అనిపించుకుని వచ్చేయకండి. వరసగా మూడుసార్లు ఎక్కించి దింపండి. మూడోసారి ఆవిడ చెయ్యి దేన్ని పట్టుకుంటుందో చూడండి. తలుపు పట్టుకుని పైకి లేస్తున్నారంటే ఆ సీటు ఆవిడకి కిందికి ఉన్నట్టే, మాటవరసకి బాగుందని చెప్పినా సరే.

జవాబు (మల్కాజిగిరి, హైదరాబాద్)

హనుమకొండ మేడమ్ చెప్పిన మూడుసార్ల పరీక్ష నేను కూడా మావాళ్లందరితో చేయిస్తాను, బంగారం లాంటి మాట.

ఎయిర్‌బ్యాగుల సంగతి. 2023లో ఆ పరీక్షకి పెట్టిన బండ్లలో రెండే ఎయిర్‌బ్యాగులు. 2025లో ఆల్టో కె10కి, వ్యాగన్ ఆర్‌కి ఆరూ అన్ని వేరియంట్లలో ఇచ్చారు, ఎస్‌ప్రెసోకి అప్పుడు ఇవ్వలేదు. పక్క నుంచి గుద్దితే తలకి, పక్కటెముకలకి తప్పకుండా మేలే. కానీ ఎయిర్‌బ్యాగులు పెరిగినంత మాత్రాన బాడీ గట్టిపడదు. ఆ పరీక్షలో ఆల్టో బాడీ నిలకడగా ఉందన్నారు, వ్యాగన్ ఆర్ బాడీ నిలకడగా లేదన్నారు. కాబట్టి గుంటూరు అన్న మాట పక్కన పెట్టడానికి లేదు. వ్యాగన్ ఆర్ తీసుకుంటే హైవే మీద 80 దాటకండి, చీకటి పడ్డాక ప్రయాణం పెట్టుకోకండి, వెనక కూర్చున్న అమ్మగారికి బెల్టు పెట్టండి, బాబుకి చైల్డ్ సీటు కొనండి. బాబుని ఒళ్లో కూర్చోబెట్టుకునే అలవాటు మాత్రం మొదటి రోజు నుంచే వద్దు.

ఎలక్ట్రిక్ గురించి మీరు అడగలేదు కానీ చిన్న కారు రేపేమవుతుందన్న ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది. ఎంజీ కామెట్ పొడవు 3 మీటర్లు కూడా లేదు, 17.3 కిలోవాట్ అవర్ బ్యాటరీ, ఊళ్లో తిరగడానికి చక్కగా సరిపోతుంది. టియాగోలో కూడా ఎలక్ట్రిక్ ఉంది. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవన్నారు. సొంత పార్కింగ్, దాని పక్కనే 15 ఆంపియర్ల ప్లగ్ ఉన్నవాళ్లకి నేను ఇప్పుడు అవే చెప్తున్నాను. మీరు సందులో పెట్టేవాళ్లు, మేడ మీంచి వైరు వేలాడదీసి వానలో ఛార్జింగ్ పెట్టడం ప్రమాదం, కాబట్టి మీకు ఈసారికి పెట్రోలే.

లోన్ 4 లక్షలు ఐదేళ్లకి, వడ్డీ 9 శాతం అనుకుంటే నెలకి 8,300 వరకు పడుతుంది. ఏడేళ్లకి పెట్టుకోమని అడుగుతారు, వద్దు.

బిల్లు దగ్గర జాగ్రత్త. మా తమ్ముడికి కొన్నప్పుడు ఒక డీలర్ హ్యాండ్లింగ్ ఛార్జీలని ఒక లైను, యాక్సెసరీల కిట్ అని ఇంకో లైను రాసి, ఇన్సూరెన్స్ మా దగ్గరే తీసుకోవాలన్నాడు. ఇన్సూరెన్స్ ఎక్కడైనా తీసుకునే హక్కు మనది. బయట కొటేషన్ తెచ్చి ముందు పెడితే పద్నాలుగు వేలు తగ్గించాడు. డెలివరీకి ముందు బండి దగ్గరికి పగటిపూటే వెళ్లండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. నాలుగు టైర్లూ, స్టెప్నీ కూడా చూడండి.

ప్రశ్న అడిగినవారు

మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలి కదా. అమ్మని మూడుసార్లు ఎక్కించి దింపాం. ఆల్టోలో మూడోసారి తలుపు పట్టుకుంది. వ్యాగన్ ఆర్‌లో మంచం మీద కూర్చున్నట్టు కూర్చుని, కాళ్లు తనే లోపలికి తిప్పుకుంది, చెయ్యి ఎక్కడా వేయలేదు. పంచ్‌లో సీటు ఇంకా పైకి ఉంది, కాలు ఎత్తాల్సి వచ్చింది.

ఎదురింటి ఓనర్ అంకుల్‌తో మాట్లాడాను. సందులో పెట్టే బైకుల్లో రెండింటిని తన గేటు లోపల పెట్టుకోనివ్వడానికి ఒప్పుకున్నారు, అమ్మ పేరు చెప్పగానే ఇంకేం అడగలేదు. తర్వాత టెస్ట్ డ్రైవ్ బండ్లని రెండింటినీ ఇంటికే రప్పించాం. స్తంభం దగ్గర వ్యాగన్ ఆర్ ఒక్క తిప్పులో వచ్చేసింది, పంచ్‌ని రెండుసార్లు వెనక్కి తీయాల్సి వచ్చింది. మా ఆవిడ అక్కడే తేల్చేసింది. వ్యాగన్ ఆర్ మాన్యువల్ బుక్ చేశాం, ఏఎంటీ అయితే బడ్జెట్ దాటుతోంది. గుంటూరు అన్నా, మీ మాట మర్చిపోలేదు, చైల్డ్ సీటు బండి కంటే ముందే ఇంటికొచ్చింది. మా వాడు హాల్లో అందులోనే కూర్చుని అన్నం తింటున్నాడు.

జవాబు (గుంటూరు)

సంతోషం తమ్ముడూ. నేనైతే పంచే కొనేవాణ్ణి, అది నా అభిప్రాయం. చైల్డ్ సీటు ముందే కొన్నావు, అది చాలు. ఖమ్మం వెళ్లే రోజు తెల్లారాకే బయల్దేరు.