పాత టేకు తలుపుల మీద రంగు ఎలా తీయాలి? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మేం సికింద్రాబాద్‌లో ఉంటాం. మా వీధిలో ఏళ్లుగా పాడుబడి ఉన్న ఇల్లు కూలగొడుతుంటే, ఓనరు గారిని అడిగి టేకు ద్వారబంధం, తలుపు రెక్కలు కొనుక్కున్నాం. పైన ఆకుపచ్చ ఎనామిల్, దాని కింద నీలం, ఇంకా కింద ఏదో గోధుమ రంగు. ఒక మూల పెచ్చు ఊడిన చోట చెక్కిన తామర రేకులు కనిపిస్తున్నాయి. ఎంత పనితనమో!

చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట మెట్లబావిని బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచాక వెళ్లి చూశాను. అప్పటినుంచి పాత కట్టడం ఏది కనిపించినా ఆగి చూడాల్సిందే.

ఇప్పుడు వడ్రంగి సాండింగ్ మెషిన్ పెడదామంటున్నారు. పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఆ దుమ్ముతోనే నా టెన్షన్. పైగా చెక్కడం అరిగిపోతుంది. పెయింట్ రిమూవర్ రాసి గీకితే టేకు నల్లబడుతుందా? తర్వాత పాలిష్ మేలా, లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) చాలా?

ఇంకొకటి. తలుపు బిగించేది పాత సున్నపు గోడకు. దానికి సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోక గోడ పాడవుతుంది. డంగు సున్నం (ఇసుకతో కలిపి గానుగలో రుబ్బిన సున్నం) పని తెలిసిన మేస్త్రీ చుట్టుపక్కల ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. వానలు మొదలయ్యేలోపు బిగించాలి.