‘స్వేచ్ఛా ప్రాతిపదిక’: ఈ పేరులో రెండు మాటలూ సరైనవేనా?

గుంటూరు సభ్యురాలు:
మాస్టారూ, నమస్కారం. ఎమ్మెస్సీ చదువుతూ, సాయంత్రాలు బ్రాడీపేటలో ఇంటర్ పిల్లలకు రసాయన శాస్త్రం చెబుతున్నాను. తెలుగు మాధ్యమంలో ఫ్రీ రాడికల్‌ను, అంటే జత దొరకని ఎలక్ట్రాన్ ఉన్న అణువును లేదా అణుభాగాన్ని, ‘స్వేచ్ఛా ప్రాతిపదిక’ అంటాం కదా. ‘కాంట్రాక్టు ప్రాతిపదికన నియామకాలు’ అని పత్రికల్లో చదివే పిల్లలకు అది ‘ఎవరి ఇష్టం వారిది’ అన్నట్టు వినిపిస్తోంది. ఈ పేరు మార్చుకోవచ్చా?

విజయవాడ సభ్యుడు:
అమ్మా, ‘ప్రాతిపదిక’ను మాత్రం వదులుకోవద్దు. ధాతువూ ప్రత్యయమూ కాకుండా అర్థం కలిగిన శబ్దరూపమే ప్రాతిపదిక అన్నాడు పాణిని. ‘రామ’ అన్న ప్రాతిపదికకు విభక్తి చేరి రాముడు, రామునితో అయితేనే అది వాక్యంలోకి వస్తుంది; రూపాలెన్ని మారినా ఆ ముక్క మారదు. రాడికల్ అన్న మాటకు మూలం లాటిన్‌లో వేరు అని అర్థమిచ్చే రాడిక్స్. 1832లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు లీబిగ్, వోలర్ ‘బెంజాయిల్’ అనే ముక్క ఒక సమ్మేళనం నుంచి మరొకదానికి చెక్కుచెదరకుండా సాగడం చూపినప్పుడు, వారు చూపింది అచ్చంగా ప్రాతిపదికనే.

విభక్తి లేని ప్రాతిపదిక వాక్యంలో నిలవనట్టే రాడికల్ కూడా విడిగా నిలవదన్న నమ్మకం స్థిరపడింది. 1900లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మోజెస్ గోంబర్గ్ హెక్సాఫినైల్ ఈథేన్ తయారు చేయబోయి, గాలి తగలకుండా ట్రైఫినైల్ మిథైల్ క్లోరైడ్‌పై లోహంతో చర్య జరిపినప్పుడు పసుపు ద్రావణం వచ్చింది. గాలి సోకగానే రంగు పోయి పెరాక్సైడ్‌గా మారింది. అదే ట్రైఫినైల్ మిథైల్, విభక్తి లేకుండా నిలిచిన ప్రాతిపదిక.

నా అభ్యంతరమల్లా ‘స్వేచ్ఛ’ మీదనే. టెంపో అనే ఫ్రీ రాడికల్ ఎర్రని స్ఫటికాన్నే చూడండి. టెట్రామిథైల్ పిపెరిడిన్‌ను టంగ్‌స్టేట్ సమక్షంలో హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఆక్సీకరిస్తే వచ్చే ఈ పదార్థం సీసాలో నిల్వ ఉంటుంది. ఎందుకంటే జత దొరకని ఆ ఎలక్ట్రాన్‌ను నైట్రోజన్, ఆక్సిజన్ పంచుకుంటాయి, నాలుగు మిథైల్ సమూహాలు చుట్టూ కంచె కట్టి మరో అణువును దగ్గరకు రానివ్వవు. కంచె వల్ల బతికేదాన్ని స్వేచ్ఛ అనడం నాకు నచ్చదు. విడి భాగాలు, విడి పదాలు అన్నట్టే ‘విడి ప్రాతిపదిక’ అందాం.

గుంటూరు సభ్యురాలు:
బాగుంది మాస్టారూ. మరి రాడికల్‌లోని ఆ ఎలక్ట్రాన్‌ను ‘ఒంటరి ఎలక్ట్రాన్’ అంటే పిల్లలు దాన్ని ‘ఒంటరి జంట’తో, అంటే బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ల జతతో, కలిపేస్తున్నారు.

విజయవాడ సభ్యుడు:
‘జతలేని ఎలక్ట్రాన్’ అనండమ్మా, అయస్కాంత గుణమంతా ఆ జత లేకపోవడంలోనే ఉంది. ఎలక్ట్రాన్‌ను చిన్న అయస్కాంతంలా చేసే గుణం స్పిన్; జతలో రెండు స్పిన్‌లూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. జతలేనిది ఒక్కటే ఉంటే సుమారు 1.73 బోర్ మాగ్నెటాన్ల (ఎలక్ట్రాన్ అయస్కాంత బలానికి కొలమానం) భ్రామకం మిగిలి, పదార్థం పారా అయస్కాంతం, అంటే బయటి అయస్కాంతం వైపు కొద్దిగా ఆకర్షితమయ్యేది, అవుతుంది. ఘనస్థితిలో సైతం పక్కపక్క అణువుల స్పిన్‌లు సాధారణంగా ఎదురెదురు దిశలకే మొగ్గుతాయి. అందుకే 1991లో జపాన్ శాస్త్రజ్ఞులు చూపిన ఫలితం నాకెంతో ఇష్టం: పారా నైట్రోఫినైల్ నైట్రొనైల్ నైట్రాక్సైడ్ బీటా స్ఫటికంలో 0.6 కెల్విన్‌కు దిగువన స్పిన్‌లన్నీ ఒకే దిశకు తిరిగి, లోహ పరమాణువు ఒక్కటీ లేని ఫెర్రో అయస్కాంతం, అంటే ఇనుములాంటి అయస్కాంతం, ఏర్పడింది.