పాత డిస్పోజల్ జీపు: పెజో ఇంజిన్ తీసేసి మొదటి రూపానికి తేవచ్చా?

మధురవాడ_కిరణ్:
నమస్కారం అందరికీ. నర్సీపట్నం వైపు ఒక జీడితోటలో పడి ఉన్న మిలిటరీ డిస్పోజల్ జీపు కొన్నాను. గ్రిల్‌కి తొమ్మిది స్లాట్లు ఉన్నాయి కాబట్టి రెండో ప్రపంచ యుద్ధకాలం నాటిదే అనుకుంటున్నాను. చేతులు మారినప్పుడల్లా ఎవరికి తోచింది వాళ్ళు చేశారు. పెజో డీజిల్ ఇంజిన్ ఎక్కించారు, వెనక బాడీ సాగదీసి బెంచీలు వేశారు, ఫ్లోర్ మీద గళ్ళ రేకు పరిచారు, డాష్ మీద ఉండాల్సిన మూడు ప్లేట్లూ లేవు. ఇది ఫోర్డా, విల్లీసా? పెట్రోల్‌కి మార్చాలా? 12 వోల్టుల వైరింగ్ ఉంచాలా, 6కి పోవాలా? రంగు ఏది? వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుందా?

ఆటోనగర్_శ్రీను:
పెజో మాత్రం తీయకు బ్రదర్. పాడేరు ఘాట్‌లో అన్ని ఏళ్ళు జనాన్ని మోసిన జీపులన్నీ డీజిల్ మీదే బతికాయి. నేను ఒక కస్టమర్ మాట విని పెట్రోల్ ఇంజిన్ వెతికి పెట్టి ఇచ్చాను, నెల తిరక్కుండానే మైలేజీ లేదని నా షెడ్డు ముందుకొచ్చి గొడవ. పని చేస్తున్న ఇంజిన్‌ని ఊడదీసి మూల పడేయడం నాకు నచ్చదు, ఎవరేమన్నా సరే.

ఈఎంఈ_మాజీ_హవల్దార్:
నేను సర్వీసులో ఉన్నంతకాలం ఆర్మీ వర్క్‌షాపులోనే ఉన్నాను, ఈ బళ్ళు నా చేతుల మీదుగా వెళ్ళాయి కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. బాడీ చూసి ఫోర్డ్ అని, విల్లీస్ అని తేల్చకండి. 1944 వచ్చేసరికి రెండు కంపెనీల బళ్ళకీ ఇంచుమించు ఒకే బాడీ. ఛాసిస్ చూడండి. రేడియేటర్ కింద ముందు అడ్డపట్టీ గుండ్రటి పైపైతే విల్లీస్ ఎంబీ, బోర్లించిన యూ చానల్ అయితే ఫోర్డ్ జీపీడబ్ల్యూ. ఫోర్డ్‌కి నంబరు ఎడమ ఛాసిస్ పట్టీ పైన, ముందు షాక్ అబ్జార్బర్ దగ్గర గుద్ది ఉంటుంది, విల్లీస్‌కి ఎడమ పట్టీ లోపలివైపు రివెట్ కొట్టిన చిన్న రేకు. ఫోర్డ్ వాళ్ళు బోల్టు తలల మీద కూడా ‘ఎఫ్’ వేసేవాళ్ళు. ఇంకొకటి, వీల్‌బేస్ కొలవండి, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం. 80 అంగుళాలు ఉంటే బాడీ మాత్రమే సాగదీశారు, బతికిపోయారు. ఎక్కువుంటే ఛాసిస్ కోసినట్టే.

కంచరపాలెం_రంగులు:
అయ్యా, ముందు ఒక్క మాట. శాండ్ బ్లాస్టింగ్‌కి ఇవ్వకండి, దయచేసి. మొన్న ఒక బానెట్ నా దగ్గరికి వచ్చింది, పైన పసుపు, దాని కింద నీలం, కింద రెడ్ ఆక్సైడ్. 600 నంబరు వాటర్ పేపరు తడిపి అరచేతి వెడల్పున మెల్లగా రుద్దుకుంటూ పోతే మట్టిరంగు కలిసిన ఆకుపచ్చ బయటపడింది, ఇంకాస్త రుద్దితే దాని మీద తెల్లగా 2, పక్కనే 0. అమెరికా ఆర్మీ జీపుల బానెట్ నంబర్లు 20తోనే మొదలవుతాయి. మిగతా అంకెలు తేల్చడానికి ఆ రోజంతా పట్టింది, చేతివేళ్ళు నానిపోయాయి, అయినా ఆ బండి పుట్టుక అంతా అందులోనే ఉంది. బ్లాస్టింగ్‌లో అది నిమిషంలో పోతుంది. మీ బండిలో ఏ రంగు బయటపడితే అదే వేయండి.

సీతమ్మధార_వకీలు:
రంగు విషయంలో జాగ్రత్త. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 121వ రూల్ చదవండి. రక్షణశాఖ బళ్ళకి తప్ప మరెవరికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదు.

కంచరపాలెం_రంగులు:
అమెరికా వాళ్ళ రంగు మన ఆర్మీ ఆకుపచ్చ కాదండీ. గోధుమ వైపు మొగ్గుతుంది, మెరుపు ఉండదు. పక్కపక్కన పెడితే చిన్నపిల్లలు కూడా తేడా చెప్తారు.

సీతమ్మధార_వకీలు:
రోడ్డు మీద ఆపే కానిస్టేబుల్ చేతిలో కలర్ కార్డు ఉండదు. జరిమానా కట్టేది బండి యజమాని, మీరు కాదు.

కంచరపాలెం_రంగులు:
మరి 80 ఏళ్ళ బండికి మెటాలిక్ సిల్వర్ కొట్టమంటారా? చట్టం తెలిసినంత మాత్రాన బండి తెలిసినట్టు కాదు. ఇలాంటి భయాల వల్లే ఎన్నో మంచి జీపులు ఎర్రగా, పసుపుగా మారిపోయాయి. నాకు కడుపు మండిపోతుంది.

సీతమ్మధార_వకీలు:
కడుపు మండటం వేరు, రూల్ వేరు. నేను రాసింది తప్పయితే ఏ లైను తప్పో చూపించండి, లేదంటే వదిలేయండి.

ఎంవీపీ_జీపర్:
ఇద్దరూ కాస్త ఆగండి. నాది మహీంద్రా సీజే-3బీ, దానికి ఇసుక రంగు వేశాను, ఎవరూ ఆపలేదు. అసలు ఇక్కడ శత్రువు సముద్రపు గాలి, దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. కిరణ్ గారూ, ఆ గళ్ళ రేకు పైకి లేపి చూశారా? ఫ్లోర్ కింద బలం కోసం పెట్టే టోపీ ఆకారం పట్టీలు, అదే హ్యాట్ చానళ్ళ లోపల కంపెనీ వాళ్ళే చెక్క ముక్కలు పెట్టారు. ఆ చెక్క నీళ్ళు పీల్చుకుని కూర్చుంటుంది, చానల్ లోపలినుంచి తినేస్తుంది. పైన రేకు దిట్టంగా కనిపిస్తుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగబడిపోతుంది. టింకరింగ్ వాడు పుట్టీ పెట్టి చదును చేస్తానంటే ఒప్పుకోకండి. కుళ్ళిన మేరకు కోసి కొత్త రేకు వెల్డింగ్ పెట్టించండి, చానల్ లోపల కూడా ప్రైమర్ వెళ్ళాలి.

చింతపల్లి_అబ్బాయి:
విండ్‌షీల్డ్ కింద రైఫిల్ పెట్టుకునే బ్రాకెట్ ఉంటుంది కదా, దాన్ని కూడా పెట్టిస్తారా? అందులో డమ్మీ రైఫిల్ పెడితే బీచ్ రోడ్డులో అదిరిపోతుంది. మా నాన్నగారి లైసెన్సు .315 రైఫిల్‌కి కూడా ఎవరో చెక్క మీద దట్టంగా వార్నిష్ పూసేశారు. దాన్ని గీకి అవిశె నూనె పట్టించాం, ఇప్పుడు చెక్క నరాలు ఎంత అందంగా కనిపిస్తున్నాయో.

ఈఎంఈ_మాజీ_హవల్దార్:
బ్రాకెట్ పెట్టించండి, డమ్మీ వద్దు బాబూ. నేవీ ఉన్న ఊళ్ళో తుపాకీ ఆకారంతో తిరిగితే జనం కంగారు పడతారు. మీ .315కి చెక్క వరకు నూనె రాసుకోవచ్చు, బారెల్‌నీ బోల్ట్‌నీ మాత్రం లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. బారెల్ పొట్టి చేయడానికి ఆర్మ్స్ యాక్ట్ 6వ సెక్షన్ కింద విడిగా లైసెన్సు కావాలి.

మధురవాడ_కిరణ్:
హవల్దార్ గారూ, చాలా థాంక్స్. వీల్‌బేస్ సరిగ్గా 80 ఉంది. ముందు అడ్డపట్టీ బోర్లించిన యూ. ఎడమ పట్టీ మీద తుప్పు గీకితే జీపీడబ్ల్యూ అక్షరాలు, వెనకాల అంకెలు వచ్చాయి. ఎంవీపీ గారు చెప్పినట్టే చెక్క కూడా ఉంది, వేలితో నొక్కితే పొడైపోయింది. 6 వోల్టుల గురించి ఎవరూ చెప్పలేదు.

సీతమ్మధార_వకీలు:
అయితే మీ వింటేజ్ ప్రశ్నకి జవాబు ఇది. 2021 రూల్స్ ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండి అయి ఉండాలి. ఛాసిస్‌లో గానీ, బాడీలో గానీ, ఇంజిన్‌లో గానీ పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కి 5,000. రోజువారీ తిరగడానికి పనికిరాదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ, రిపేరుకీ పెట్రోలుకీ తీసుకెళ్ళొచ్చు. కాబట్టి పెజో ఉంచుకుంటే వింటేజ్ మీద ఆశ వదులుకోండి.

ఆటోనగర్_శ్రీను:
షెడ్డులో దాచుకునే బండికి అన్ని వేలు ఎందుకండీ. జీపంటే కొండెక్కాలి.

ఈఎంఈ_మాజీ_హవల్దార్:
శ్రీనూ, ఫోర్డ్ ఛాసిస్ ఇంత శుభ్రంగా దొరికాక డీజిల్ మాట ఎత్తకు. కిరణ్ గారూ, మీకు కావాల్సింది ఎల్-134, 60 హార్స్‌పవర్ పెట్రోల్ ఇంజిన్. తర్వాతి జీపులకి వచ్చిన హరికేన్ ఇంజిన్ అంటగట్టడానికి చూస్తారు, తీసుకోవద్దు. దాని ఇన్‌టేక్ వాల్వులు హెడ్డులోకి వస్తాయి, ఎత్తు ఎక్కువ, మీ బానెట్ మూతపడదు. ఎంవీపీ గారి సీజే-3బీకి బానెట్ అంత ఎత్తు పెట్టింది అందుకే. ఎల్-134లో కూడా టైమింగ్ కవర్ విప్పించి చూడండి, యుద్ధకాలం దానికి చెయిన్ ఉంటుంది, తర్వాత సివిల్ జీపులకి గేర్లు వచ్చాయి. ఇంజిన్ మార్చేముందే ఆర్సీలో ఇంధనం మార్పు సంగతి తేల్చుకోండి. గేర్‌బాక్స్ ఏది ఉంది?

మధురవాడ_కిరణ్:
టీ-90 అంటున్నాడు మెకానిక్.

ఎంవీపీ_జీపర్:
అది తర్వాతి సివిల్ జీపులది, మీ బండికి పుట్టుకతో వచ్చింది టీ-84. టీ-90యే గట్టిది, నడపడానికైతే అదే ఉంచండి.

ఈఎంఈ_మాజీ_హవల్దార్:
ఎందుకుంచాలి? ఇంజిన్ ఒరిజినల్, గేర్‌బాక్స్ వేరే అంటే సగం పని చేసినట్టు. నా దగ్గర టీ-84 గేర్‌బాక్స్ ఒకటి ఉంది, సెకండ్ గేరు పళ్ళు అరిగాయి గానీ కేసింగ్‌కి పగుళ్ళు లేవు. మర్రిపాలెం వచ్చి చూసుకోండి, ఆదివారం ఇంట్లోనే ఉంటాను.