కార్తీక వనభోజనాలు: హోంవుడ్ ఇంటి సందర్శనకి ఎవరెవరు ఏం చూసుకుంటున్నారు?

అందరికీ నమస్కారం. ఈసారి బాల్టిమోర్‌లో భోజనాలకి ముందు ఒక గంట పిల్లల్ని హోంవుడ్ మ్యూజియంకి తీసుకెళదాం. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ క్యాంపస్‌లోనే ఉంది. అక్కడ చదివిన మనవాళ్లే కొందరు రోజూ ఆ ఎర్ర ఇటుకల గోడ పక్కనుంచి క్లాసులకి వెళ్లారు గానీ లోపలికి తొంగి చూడలేదు.

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన చార్ల్స్ కారల్ తన కొడుకుకి ఇచ్చిన పెళ్లి కానుక ఈ ఇల్లు. 1801లో పని మొదలైంది. 10,000 డాలర్లలో అయిపోతుందనుకున్నది 40,000 దాకా పోయింది.

ఇంటి గురించి చెప్పే పని నాది. బయటే పావుగంట ఆపుతాను, దయచేసి తొందరపెట్టకండి. మధ్యలో పెద్ద భాగం, దానికి అటూ ఇటూ నడవాలు, వాటి చివర చిన్న ఇళ్లలాంటి రెండు భాగాలు. మొత్తం ఐదు, ఒకే వరసలో. దూరంగా గడ్డిలో నిలబడి చూస్తేనే ఆ తూకం కంటికి ఆనుతుంది. తర్వాత మెట్ల దగ్గరికి వెళదాం. వసారా స్తంభాలు ఎంత సన్నమో! పైకప్పు మోస్తున్నట్టే ఉండవు. ఫెడరల్ శైలి, అంటే అమెరికా దేశంగా ఏర్పడిన తొలినాళ్లలో ఇళ్లు కట్టిన తీరు, నాకు ఆ నాజూకుతనమే. ఇక గుమ్మం పైన విసనకర్రలా విచ్చుకున్న గాజు. తలుపు మూసినా వెలుగు లోపలికి రావడానికి పెట్టుకున్నారు. పిల్లలచేత దాని బొమ్మ గీయిద్దాం.

— అక్కా, ఆ ఇంట్లో బానిసల్ని ఉంచుకున్నారు కదా. పండగపూట చిన్నపిల్లలకి అది చెప్పాలా?

— చెప్పాలి తమ్ముడూ. విలియం, రెబెకా రాస్ కుటుంబం, ఇజడాడ్, సిస్ కానర్ కుటుంబం అక్కడే బతికాయి. ఆ గదులు ఊడ్చిందీ, వంట చేసిందీ అలాంటివాళ్లే. గాజు అందం చూపించి ఈ పేర్లు దాటేస్తే పిల్లలకి సగం ఇల్లే చూపించినట్టు. ఎవరి పని ఎవరు చేశారు, జీతం ఎవరికి లేదు అని అడిగితే ఆరేళ్లవాడికి కూడా అర్థమవుతుంది. భయపెట్టే వివరాలు నేను ఎత్తను.

— సరే అక్కా, ఆ భాగం నువ్వే చెప్పు. చిన్నవాళ్ల పక్కన నేనుంటా.

— మంచిది. పులిహోర, నీళ్ల సీసాలు కార్లలోనే ఉంచండి, లోపలికి వద్దు. పెన్సిళ్లు, అట్టలు ఎవరు తెస్తున్నారు?

— పెన్సిళ్లు నేను తెస్తా. అట్టలు 20 ఉన్నాయి, ఇంకో పది కావాలి.