అప్‌డేట్: సూరత్‌లో పనిచేసే మా తమ్ముడికి కొత్త కార్మిక చట్టం వర్తిస్తుందా?

మాది బరంపురం. మేస్త్రీతో కాకుండా సొంతంగా సూరత్ వెళ్లి పవర్‌లూమ్‌లో చేరిన మా తమ్ముడు వలస కార్మికుడి కింద వస్తాడా అని అడిగాను కదా, వస్తాడు. 1979 నాటి పాత వలస కార్మికుల చట్టం కాంట్రాక్టర్ తీసుకెళ్లిన వాళ్లకే, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో (కొత్త చట్టం ఇదే) మాత్రం సొంతంగా వెళ్లినవాళ్లూ ఉన్నారు, కాకపోతే నెల జీతం 18,000 దాటకూడదు, ఆ యూనిట్‌లో వేరే రాష్ట్రాల వాళ్లు కనీసం 10 మంది ఉండాలి. ఏడాదికోసారి ఊరికి వచ్చి వెళ్లే ఖర్చు కూడా యజమానే ఇవ్వాలి.

అసలు చిక్కంతా వాడు అక్కడ పనిచేస్తున్నాడన్న రుజువు దగ్గరే. వాడికి మీటర్ల లెక్కన కూలి, అదీ చిన్న పుస్తకంలో పెన్సిల్‌తో రాస్తారు, స్లిప్ ఇవ్వరు. నియామక పత్రం ఇప్పుడు తప్పనిసరి కాబట్టి ముందు అదే అడగమన్నాను. అడిగితే పనిలోంచి తీసేస్తారని వాడి భయం, నాకూ అదే టెన్షన్. వాడి గదిలో ఉండేవాళ్లంతా కలిసి వెళ్లి అడుగుతామంటున్నారు.